అమ్మిన కార్డు ఎన్నాళ్లకు వాపసు?
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పంతులును. నల్లబల్ల మీద కుడి నుంచి ఎడమకు రాసి రాసి అలవాటైన చెయ్యి నాది. తెలుగులోనే మాట్లాడమని కార్యదర్శిగారి ఆజ్ఞ. ఎందుకంటే మన పిల్లల్లో సగంమందికి ఇప్పుడు ఉర్దూ చదవటం రాదు. అది వేరే దుఃఖం, దాని సంగతి ఇంకో సభలో. నా తెలుగులో తప్పులు దొర్లితే మన్నించండి.

నేను ఎంచుకున్న విషయం వింటే కొందరికి నవ్వు రావచ్చు. బొమ్మ కార్డులు. అవును, పిల్లలు దాచుకునే అట్టముక్కలే. అమ్మిన అట్టముక్క నకిలీదని తర్వాత తేలితే, అమ్మినవాడు ఎన్నాళ్లదాకా డబ్బు వాపసు ఇవ్వాలి? ఇదీ ప్రశ్న. ఈ ప్రశ్న మా ఇంట్లో నెలరోజులు ఎవరికీ అన్నం సహించనివ్వలేదు గనుక మీ ముందు పెడుతున్నాను.

మా ఆపా కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడి చిన్నతనంలో జెద్దాలో ఉండే వాళ్ల చాచా ఒక పెట్టెడు పోకెమాన్ కార్డులు తెచ్చి ఇచ్చారు. అందులో చారిజార్డ్ అని నిప్పులు కక్కే జంతువు బొమ్మ ఉన్న కార్డు ఒకటి. కింద 1999 అని అచ్చయి ఉంది. వాడు దానికి ఫోటోలు తీసి బెంగుళూరు కుర్రవాడొకడికి 18 వేల రూపాయలకు అమ్మాడు. అమ్మేటప్పుడు "అసలు కార్డు. ఏడు రోజులు దాటితే వాపసు లేదు" అని రాశాడు. ఆ డబ్బులో కొంత పరీక్ష ఫీజుకు పోయింది, కొంత వాళ్లమ్మ కళ్లద్దాలకు పోయింది, మిగిలింది ఎలా పోయిందో వాడికే తెలియదు. ఏడు నెలల తర్వాత బెంగుళూరు కుర్రవాడి దగ్గర్నుంచి కబురు వచ్చింది. కార్డును పరీక్ష కోసం అమెరికా పంపాడట. నకిలీదని వాళ్లు తిప్పి పంపారట. నా డబ్బు నాకివ్వు అన్నాడు.

మా దూలాభాయ్ మండిపడ్డారు. "ఏడు రోజులని రాసి ఉంటే ఏడు నెలలకు వచ్చి అడుగుతాడా? సిగ్గుండాలి" అన్నారు. ఆపా ఏమీ అనలేదు, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. కుర్రవాడు నావైపు చూసి "మామూ, మీరు చెప్పండి" అన్నాడు. నేను చదువుకున్నవాణ్ణి కదా, చెప్పాను. ఇవ్వనక్కరలేదు, గడువు దాటింది, మాట అంటే మాటే అన్నాను. ఆ తీర్పు తప్పు. ఎందుకు తప్పో చెప్పటానికే నిలబడ్డాను.

ముందు పెద్దలకు ఈ వ్యాపారం కొంచెం చెప్పాలి. అమెరికాలో వంద సంవత్సరాల క్రితమే సిగరెట్టు పెట్టెల్లో బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు వేసి అమ్మేవారు. తర్వాత బబుల్ గమ్‌తో ఇచ్చారు. మా చిన్నప్పుడు మాకూ గమ్‌తో క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలు వచ్చేవి, ఒక్క బొమ్మ కోసం స్నేహితుడి చొక్కా చింపినవాళ్లున్నారు, పేర్లు చెప్పను. పోకెమాన్ కార్డులు 1996లో జపానులో మొదలై, 1999లో అమెరికాలో ఇంగ్లీషులో అచ్చయ్యాయి. అప్పటి పిల్లలు ఇప్పుడు సంపాదనపరులయ్యారు. చిన్నప్పటి బొమ్మ మళ్లీ కావాలని వేలకు వేలు పెడుతున్నారు. ధర అంతా కార్డు అసలుదా కాదా, మూలలు పదునుగా ఉన్నాయా, గీతలు పడ్డాయా అన్నదాని మీదే. అందుకని పరీక్షచేసి ఒకటి నుంచి పది దాకా మార్కులు వేసే సంస్థలు వెలిశాయి. పీఎస్ఏ అనేది 1991లో పుట్టింది. వాళ్లు మార్కు వేసి, కార్డును ప్లాస్టిక్ పలకలో బిగించి పంపుతారు. మా పరీక్ష పేపర్లు దిద్దే పని లాంటిదే, కాకపోతే వాళ్లకు గిట్టుబాటు ఎక్కువ.

ఇక్కడే చిక్కు. కార్డు నిజంగా ఏమిటో తెలియటానికి పట్టే కాలం ఒకటి, వాపసు అడగటానికి ఇచ్చే గడువు ఇంకొకటి. ఈబే వారి హామీ చూడండి, సరుకు చేరిన తర్వాత 30 రోజులు. పేపాల్ ద్వారా డబ్బు కట్టినవాడు ఫిర్యాదు చేసుకోవటానికి 180 రోజులు. మరి పరీక్షకు ఎన్నాళ్లు? కోవిడ్ కాలంలో ఇంట్లో కూర్చున్న జనమంతా పాత కార్డులు వెతికి తీశారు. పీఎస్ఏకు కార్డులు ఎంతగా వచ్చిపడ్డాయంటే 2021 మార్చిలో తక్కువ ఫీజు రకాలకు కొత్త కార్డులు తీసుకోవటమే ఆపేశారు. అప్పటికే పంపినవారు నెలల తరబడి ఎదురుచూశారు. జబ్బు తెలియటానికి ఏడాది పట్టేచోట మందుల దుకాణం నెలకే మూసేసినట్టయింది. మా భాంజా పెట్టిన ఏడు రోజుల గడువు సంగతి చెప్పనే అక్కరలేదు. ఏడు రోజుల్లో ఆ కార్డు అమెరికా వెళ్లనే వెళ్లదు.

ఈ సంగతి నాకు తట్టింది నేను తీర్పు చెప్పిన తర్వాత. నిద్రపట్టక, మా నాన్నగారి పుస్తకాల్లో ఉన్న మజల్లా ఉర్దూ తర్జుమా తీశాను. మజల్లా అంటే ఉస్మానియా సల్తనత్తు, అంటే టర్కీవారు, 1869 నుంచి 1876 దాకా మన హనఫీ ఫిఖ్‌ను సెక్షన్ల వారీగా కూర్చిన చట్టం. కొనుగోలు, అమ్మకం ఖండంలో ఒకచోట రెండు వేర్వేరు సంగతులు కనిపించాయి. ఒకటి ఐబ్, అంటే సరుకులో లోపం. రెండోది జిన్స్ మారిపోవటం, అంటే చెప్పిన వస్తువు ఒకటి, ఇచ్చిన వస్తువు ఇంకొకటి. దీనికి వాళ్లిచ్చిన ఉదాహరణ వజ్రమని చెప్పి గాజుముక్కను అమ్మటం. అలాంటి సౌదా లోపమున్న సౌదా కాదు, అసలు సౌదాయే కాదు, చెల్లదు అన్నారు.

నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మావాడు అమ్మింది గాజుముక్క. సౌదాయే జరగనప్పుడు దానికి తగిలించిన ఏడు రోజుల షరతు ఎక్కడ నిలుస్తుంది? గోడ లేనిచోట మేకు కొట్టినట్టు!

మూడు రోజుల గడువు మన సంప్రదాయంలో లేక కాదు. బేరాల్లో తరచూ మోసపోయే ఒక సహాబీ సంగతి హదీసుల్లో ఉంది. మోసం ఉండకూడదని ముందే చెప్పి కొనమని ప్రవక్తవారు అతనికి చెప్పారు, మూడు రోజుల ఖియారు ఇచ్చినట్టు కూడా రివాయత్ ఉంది. పొదుగు నిండుగా కనిపించాలని పాలు పితకకుండా కట్టిపెట్టి అమ్మిన మేక సంగతీ ఉంది. కొన్నవాడు మూడు రోజుల్లోగా తిప్పి ఇచ్చేయవచ్చు, తాగిన పాలకు బదులుగా ఒక సాఅ ఖర్జూరాలు జతచేసి. ఆ మూడు రోజులు ఎందుకో పశువుల కాపరిని అడగండి. ఒకటి రెండు పూటలు పితికితే అసలు పాలెన్నో బయటపడుతుంది. సరుకు నిజస్వరూపం తెలియటానికి పట్టేంత కాలమే అక్కడి గడువు. నా మొత్తం వాదన ఈ మేక దగ్గరే ఉంది. కార్డు పొదుగు పితకాలంటే ఏడాది పడుతుంది.

గాజు, వజ్రం కథలు ఈ కార్డుల లోకంలో కావలసినన్ని. 2022 జనవరిలో లోగన్ పాల్ అనే అమెరికా యూట్యూబ్ కుర్రవాడు 35 లక్షల డాలర్లు పెట్టి కొన్న సీలు పెట్టెను కెమెరా ముందు తెరిచాడు. తొలి ముద్రణ పోకెమాన్ కార్డులు ఉన్నాయని నిపుణులు చూసి సర్టిఫై చేసిన పెట్టె అది. లోపల ఉన్నవి జి.ఐ. జో అనే వేరే బొమ్మల కార్డులు. అమ్మినవాడు కూడా మోసపోయినవాడే. అయినా డబ్బు తిరిగి ఇచ్చాడు. సీలు విప్పావు గనుక వాపసు లేదని అనలేదు, అనకూడదు కూడా. విప్పితేగాని తెలియని మోసానికి విప్పటాన్నే నేరంగా చూపటం ఏం న్యాయం?

ఇంకొకటి 2025 మొదట్లో బయటపడింది. పోకెమాన్ కార్డులు పుట్టకముందు 1996లో తయారుచేసిన నమూనాలని చెప్పి కొన్ని కార్డులు పెద్ద ధరలకు అమ్ముడుపోయాయి. పేరున్న గ్రేడింగు సంస్థ ఒకటి వాటిని అసలువని ధ్రువపరిచింది. తీరా ఒక అభిమాని వాటిని పెద్దవిగా చేసి చూస్తే సన్నని పసుపు చుక్కలు కనిపించాయి. కొన్ని రంగుల ప్రింటర్లు కాగితం మీద కంటికి ఆనకుండా అచ్చువేసిన తేదీని చుక్కల రూపంలో వేస్తాయి. వాటిని చదివితే వచ్చిన సంవత్సరం 2024! నిపుణులు పలకలో బిగించి ఇచ్చిన కార్డు గతే ఇదయితే, బెంగుళూరు పిల్లవాడు ఏడు రోజుల్లో కనిపెట్టలేదని తప్పు పట్టే హక్కు మనకెక్కడిది?

ఇంతవరకు నాకు అంతా తేలికగానే ఉంది. కష్టం ఇక్కణ్ణుంచి మొదలవుతుంది. గాజు కాదు, వజ్రమే. కాని ఎవరో అంచు సానబెట్టారు. అప్పుడేమిటి?

హోనస్ వాగ్నర్ అని పిట్స్‌బర్గ్ ఆటగాడు. 1909 నుంచి 1911 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్టు పెట్టెల కోసం అతని బొమ్మ అచ్చు వేస్తే అతను ఒప్పుకోలేదు, అచ్చు ఆపేశారు. ఇప్పుడు లోకంలో మిగిలినవి సుమారు 60. వాటిలో ఒకదాన్ని బిల్ మాస్ట్రో అనే వ్యాపారి 1985లో 25 వేల డాలర్లకు కొన్నాడు. రెండేళ్లకు 1 లక్షా 10 వేలకు అమ్మాడు. 1991లో ఐస్ హాకీ ఆటగాడు గ్రెట్స్కీ, ఇంకొకాయన కలిసి వేలంలో 4 లక్షల 51 వేలకు కొన్నారు. పీఎస్ఏ మొట్టమొదట మార్కు వేసిన కార్డు ఇదే, పదికి ఎనిమిది. తర్వాత గ్రెట్స్కీ అమ్మేస్తే దాన్ని ఒక పోటీలో బహుమతిగా పెట్టారు. 1996లో ఫ్లోరిడాలో ఒక తపాలా ఉద్యోగినికి అది తగిలింది. బహుమతి మీద పన్ను కట్టే స్తోమత లేక ఆమె అదే ఏడు వేలానికి పెట్టింది, 6 లక్షల 41 వేల 500 డాలర్లకు పోయింది. 2000లో 12 లక్షల 65 వేలు. 2007లో రెండుసార్లు చేతులు మారింది, 23 లక్షల 50 వేలు ఒకసారి, 28 లక్షలు ఒకసారి. 2013లో మాస్ట్రో వేరే వేలం మోసాల కేసులో నేరం ఒప్పుకుంటూ, ఆ కార్డు అంచులు తాను కత్తిరించానని కూడా ఒప్పుకున్నాడు. కొన్నది 1985లో, ఒప్పుకున్నది 28 సంవత్సరాల తర్వాత. 2015లో అతనికి 20 నెలల జైలు పడింది.

ఇప్పుడు చెప్పండి. చివర కొన్నాయన తన ముందువాడిని 28 లక్షలు అడగాలి. ఆ ముందువాడు తన వెనకవాడిని 23 లక్షల 50 వేలు అడగాలి. అలా మెట్టు మెట్టు దిగుతూ వస్తే ఆ తపాలా ఉద్యోగిని తలుపు తడతారు. ఆమె 6 లక్షల 41 వేల 500 వెనక్కి ఇవ్వాలి. తెచ్చి ఇవ్వటానికి ఆమె వెనక ఎవరున్నారు? ఆమెకు అది ఉచితంగా వచ్చింది. పన్ను ప్రభుత్వానికి పోయింది, మిగిలింది పదిహేడేళ్లలో ఖర్చయిపోయింది. ఆమెకు కత్తెర సంగతే తెలియదు. ఇంత కఠినమైన న్యాయాన్ని నా నోటితో చెప్పలేను.

అందుకే ఐబ్‌కూ జిన్స్‌కూ మధ్య గీత గీయాలంటున్నాను. కత్తిరించినా అది వాగ్నర్ కార్డే, గాజు కాదు. లోపానికి గడువు ఉండాలి. పైకి కనిపించే గీత, మడత లాంటివాటికి కార్డు చేతికందాక మూడు రోజులు, పోనీ వారం. లోపల దాగిన లోపానికి, అంటే అంచు కత్తిరించటం, రంగు దిద్దటం లాంటివాటికి, పరీక్షకు పోయి వచ్చేంత కాలం, ఒక ఏడాది. అది దాటితే తెలియక అమ్మినవాణ్ణి వదిలేయాలి. తెలిసి అమ్మినవాడికి మాత్రం ఏ గడువూ లేదు, కత్తెర పట్టినవాడు 28 ఏళ్లయినా బాకీదారే. మన దేశపు 1963 కాలపరిమితి చట్టం కూడా మామూలు ఒప్పంద దావాకు మూడేళ్లిచ్చి, మోసం ఉన్నచోట ఆ మూడేళ్లను మోసం బయటపడ్డ నాటి నుంచి లెక్కబెట్టమంటుంది. అమెరికాలో అమ్మకాల చట్టం సాధారణంగా నాలుగేళ్లు ఇస్తుంది. కోర్టులకు ఏదో ఒక రోజు తలుపు మూయక తప్పదు, సాక్షులు పోతారు, కాగితాలు పోతాయి. కోర్టు తలుపు మూసినంతమాత్రాన బాకీ తీరిపోయిందని నేననుకోను.

అమ్మేవారి భయాలను కూడా నేను కొట్టిపారేయను. ఒక దుకాణదారుడు నాతో అన్నాడు: "మాష్టారూ, గడువు లేకపోతే ధర పడిన రోజున అందరికీ లోపాలు కనబడతాయి." నిజమే. 2021లో ఎక్కిన ధరలు తర్వాత దిగినప్పుడు, తాము తొందరపడి కొన్నదాన్ని అమ్మినవాడి తప్పుగా చూపాలని ఎందరికి బుద్ధి పుట్టిందో! మనసు మారినందుకు వాపసు ఇవ్వటం అమ్మినవాడి మంచితనం, కొన్నవాడి హక్కు కాదు. ఇంకో భయం, అమ్మింది అసలు కార్డయితే దాన్ని దాచుకుని నకిలీది తిప్పి పంపటం. అందుకని కొన్నవాడి మీదా బరువులున్నాయి. ఇదే ఆ కార్డని చూపాలి. నకిలీ అని తెలిసిన వెంటనే చెప్పాలి. తెలిశాక కూడా మార్కెట్టు ఎక్కుతుందేమోనని ఆరు నెలలు అట్టిపెట్టుకుని అప్పుడు వస్తే, వాడు దానికి రాజీపడ్డట్టే. వాడి చేతిలో ఇంకొక దెబ్బ తగిలితే పూర్తి వాపసు ఉండదు, మొదటి లోపం మేరకు ధర తగ్గింపు మాత్రమే. ఈ ధర తగ్గింపు సంగతి హనఫీ ఫిఖ్‌లో పశువులకూ, బట్టల తానులకూ ఎప్పుడో చెప్పిన లెక్కే. కార్డు పేరు మాత్రమే కొత్తది.

మళ్లీ మా ఇంటికి వస్తాను. మర్నాడు పొద్దున్నే ఫజర్ నమాజు తర్వాత ఆపా ఇంటికి వెళ్లి, రాత్రి నేను చెప్పింది తప్పు, డబ్బు ఇచ్చేయాలి అన్నాను. దూలాభాయ్ నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. భాంజా మాత్రం ఒక మంచి ప్రశ్న వేశాడు. "మామూ, నాకూ అది తోఫాగా వచ్చిందే. చాచా కూడా తెలియకే ఇచ్చారు. నేనెవర్ని అడగాలి?" ఆ తపాలా ఉద్యోగిని కథ అప్పటికి నేను చదవలేదు. చదివి ఉంటే నోరు పెగిలేది కాదేమో. ఇప్పుడు అడిగితే ఇలా అంటాను: బేటా, నువ్వు అసలు కార్డు అని రాశావు. నీకు తెలియని సంగతిని తెలిసినట్టు రాశావు. చాచా తెచ్చిన పెట్టెలోది, అసలుదో కాదో నాకు తెలియదు అని రాసి రెండు వేలకు అమ్మి ఉంటే ఈనాడు ఎవరూ నీ తలుపు తట్టరు. ఆ పదహారు వేలు ఆ ఒక్క మాటకు వచ్చినవే.

బెంగుళూరు కుర్రవాడు కార్డు తిప్పి పంపాడు. అమ్మినప్పటి ఫోటో పక్కన పెట్టి చూశాం. వెనకవైపు కింది మూలలో తెల్లటి చిన్న పెచ్చు, రెండింట్లోనూ ఒకేచోట ఉంది. అదే కార్డు. భాంజా ట్యూషన్లు చెప్పి నెలకు మూడు వేల చొప్పున కడుతున్నాడు, ఆరింటిలో నాలుగు వాయిదాలు అయ్యాయి. దూలాభాయ్ రెండు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. ఈద్ నాడు మాత్రం షీర్ ఖుర్మా గిన్నె తనే తెచ్చి ఇచ్చారు, మాట ఎత్తలేదు.

ఒక్క సంగతి ఇంకా తెగలేదు. పరీక్ష ఫీజు, అమెరికాకు రానూపోనూ తపాలా ఖర్చు కలిపి నాలుగు వేలకు పైగా అయిందని, అది కూడా ఇవ్వాలని బెంగుళూరు కుర్రవాడు అడుగుతున్నాడు. నేను తీసుకున్న ధర వరకే నా బాకీ, పరీక్షకు పంపమని నేను చెప్పానా అంటాడు మావాడు. పరీక్ష లేకపోతే నిజం బయటపడేదా అంటాడు అతను. నేను సగం సగం అన్నాను, ఇద్దరూ ఒప్పుకోలేదు. ఈ సభలో వ్యాపారస్తులున్నారు, ఇద్దరు వకీళ్లు, మౌలానా సాహెబ్ కూడా ఉన్నారు. భోజనాల దగ్గర నన్ను పట్టుకుని మీ అభిప్రాయం చెప్పండి, భాంజా కూడా వచ్చాడు, వెనక వరుసలో తల వంచుకుని కూర్చున్నాడు.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. సెలవు. ఖుదా హాఫిజ్.